గాలికి ఎదురెళ్లిన పొట్టు

కిందటి వారం స్వర్ణని మరీ అన్యాయమైన చోట వదిలేసి వచ్చాం. బయట తుపాను వాన. మధ్యాహ్నం మూడింటికే లైట్లు వేసుకోవలసినంత చీకటి. కొండచరియల హెచ్చరిక కేంద్రంలో ఆ పిల్ల మాడిపోయిన పవర్ సప్లైని ఒళ్లో పెట్టుకుని, దాని ఫ్యాను రెక్కల సందున స్క్రూడ్రైవరుతో గీరుతోంది. మసితోపాటు ఊడి అరచేతిలో పడినదాన్ని చూసి నోరు తెరిచింది. అక్కడ ఆపాం.

అది కాఫీ పొట్టు. ఎండిన గింజ మీద కాగితంలా అంటుకుని ఉండే పలుచని పొట్టు. సర్వర్ గదిలోకి చెప్పులతో వస్తేనే ఊరుకోని స్వర్ణకి, ఆ గదిలో, ఆ పెట్టె కడుపులో కాఫీ పొట్టు కనిపించింది.

ఇవాళే ఈ కథలోకి వచ్చినవారికి కాస్త చెప్పాలి. గూడెం కొత్తవీధికి పైన, రోడ్డు వంపులో ఉంటుంది ఆ రేకుల గది. అందులో బీరువా అంత ర్యాకు, ర్యాకులో సర్వర్. ఎదురు కొండ కింద పనసగొంది, నలభై మూడు గడపల ఊరు. నిరుటి వానలకి ఆ కొండ నడుం మీద బీట పడింది. బీట వెంబడి మూడు ఇనప స్తంభాలు పాతారు. ఊళ్లోవాళ్లు వాటిని కొండమేకులు అంటారు. మేకు కదిలితే సర్వర్‌కి తెలుస్తుంది, సర్వర్ ఊళ్లో సైరన్ మోగిస్తుంది, జనం బడి ఉన్న మెరక మీదికి ఎక్కుతారు. పనసగొందిలో ఫోను పలకదు. సైరన్ కాకపోతే కాలినడకే, అదీ ముప్పావు గంట, మధ్యలో ఉన్న గెడ్డ, ఆ కొండవాగు, దాటనిస్తే.

సర్వర్ వెనక ఇటుకలంత పవర్ సప్లైలు రెండుంటాయి. గోడ నుంచి వచ్చే కరెంటుని యంత్రానికి పనికొచ్చేలా మార్చి పెట్టేవి అవే. మామూలు రోజుల్లో బరువు చెరిసగం మోస్తాయి. ఒకటి పోతే రెండోది మొత్తం ఎత్తుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీలున్నాయి, అవి చాలకపోతే బయట జనరేటరుంది. కానీ ఈ రెండు ఇటుకలూ పోతే మాత్రం ఎన్ని బ్యాటరీలున్నా యంత్రానికి చుక్క కరెంటు అందదు. నిన్న సాయంత్రం ఒకటి పోయింది. పచ్చగా ఉండే దాని దీపం నారింజ రంగుకి మారి, కాసేపటికి అదీ ఆరిపోయింది.

మిగిలింది ఒక్కటి. ఇప్పుడు స్వర్ణ ప్రాణమంతా ఆ ఒక్క పచ్చ దీపం మీదే ఉంది.

"సుక్రు మావా!"

వరండాలో తువ్వాలు పిండుకుంటున్న వాచ్‌మన్ సుక్రు లోపలికొచ్చాడు. యాభై దాటిన మనిషి, పనసగొంది వాడే. అతని కూతురు చిట్టికి తొమ్మిది రోజుల కిందట ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. మొన్ననే డోలీలో ఇంటికి చేర్చారు. మంచం దిగి నడవొద్దన్నారు. తాతనయ్యానన్న సంబరంలో సుక్రు ఈ వారమంతా కేంద్రానికి వచ్చినవాళ్లందరికీ బెల్లం పెట్టాడు.

స్వర్ణ అరచెయ్యి చాపింది. "ఏటి మావా ఇది?"

సుక్రు వంగి చూశాడు. చూడగానే అతనికి తెలిసింది. తెలిసిందని స్వర్ణకీ తెలిసింది.

"పొట్టమ్మా."

"ఏ పొట్టు?"

"కాఫీదే."

"నా సర్వర్ గదిలోకి కాఫీ ఎలగొచ్చింది?"

 సుక్రు ర్యాకు వెనక్కి వెళ్లి, గోడకి ఆనించిన అట్టపెట్టెలు పక్కకి జరిపాడు. వాటి చాటున ఈతచాప. చాప నిండా పొరతో ఉన్న కాఫీ గింజలు, వేలి మందాన, ఎంత ముచ్చటగా పరిచాడంటే చూసేవాళ్లకి ముందు మెచ్చుకోవాలనిపిస్తుంది, ఆ తరవాతే కోపం వస్తుంది.

"నిరుటినించీ ఆరబెడతన్నాను" అన్నాడు సుక్రు, తల ఎత్తకుండా. "ఈ రోజుల్లో ముసురట్టిందంటే గింజ బూజట్టిపోద్ది. బూజట్టిన గింజ సంతలో ఎవుడూ ముట్టడు. ఈ ఎనకాల రేయింబగలూ ఎచ్చటి గాలి కొడతంటాది. ఊరికే పోతంది గదా అని పరిసినాను. దాసింది నా తప్పే."

స్వర్ణకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అదే భయం ఎదుటివాళ్లకి.

"మావా, సిట్టి పడుకునే ఇంటి మీదున్న కొండని కాసేది ఈ పెట్టె. తొమ్మిదో రోజు పసికందు ఉందక్కడ. దీని ముక్కులో నువ్వు పొట్టు కూరినావు."

ఆ మాట సుక్రుకి తగలవలసిన చోటే తగిలింది. అతను చాప పక్కన కూలబడి, రెండు చేతులతో గింజలు పోగు చెయ్యడం మొదలుపెట్టాడు. సగం పోగయ్యాక చేతులు ఆగిపోయాయి. తలెత్తి ర్యాకు వెనక భాగాన్ని తేరిపార చూశాడు. తరవాత ముఖం ముందుకి పెట్టి, ఆ వేడిగాలిని చెంపల మీద పట్టించుకున్నాడు.

"పరిసింది నానే. కానీ ముక్కులోకి నాను కూరలేదమ్మా."

"మరెవరు కూరినారు?"

"ఈ పెట్టె గాలి ఎటు పీలుత్తాది?"

"ముందునించి."

"ఎటు ఒదుల్తాది?"

"ఎనక్కి."

"నా సాప ఎనకే ఉంది. గాలి దాని మీదికే కొడతంది." సుక్రు లేచి నిలబడ్డాడు. "పుట్టినకాడ్నించి సోళ్లు తూర్పారబట్టినోణ్ని. పొట్టు గాలి ఎటు పోతే అటే పోద్ది. గాలికి ఎదురెల్లి సేటలో పడదు. మరిది గాలికి ఎదురెల్లి పెట్టెలోకి ఎలగ దూరినాది?"

  స్వర్ణ మూడేళ్లు డిప్లొమా చదివి, అయిదేళ్లు విశాఖపట్నంలో ఇలాంటి యంత్రాల మధ్యనే బతికిన మనిషి. రాత్రంతా తను వేసుకోని ప్రశ్న చోళ్లు, అదే రాగులు, తూర్పారబట్టే సుక్రు వేశాడు. సిగ్గుపడడానికి కూడా వ్యవధి లేకపోయింది, ఎందుకంటే అప్పటికే అతను చాప మీంచి నాలుగు పొట్టు రేకులు ఏరి అరచేతిలో వేసుకున్నాడు.

ముందు సర్వర్ మధ్య భాగానికి ఎదురుగా చెయ్యి పెట్టాడు. రేకులు ఎగిరి అతని చొక్కా మీద పడ్డాయి.

"సూసినావా, బయటికే."

మరో నాలుగు ఏరాడు. ఈసారి చేతిని పచ్చ దీపం వెలుగుతున్న పవర్ సప్లై దగ్గరికి తీసుకెళ్లాడు. అరచేతిలో రేకులు కదిలాయి. ఒకటి లేచి నిలబడింది. తరవాత మూడూ ఒకదాని వెనక ఒకటి పెట్టెలోకి పోయాయి. నాలుగోది కాస్త పెద్దది, లోపలికి పట్టక, జల్లెడలా ఉన్న కప్పుకి అతుక్కుని సన్నగా వణుకుతూ ఉండిపోయింది.

 రేకుల కప్పు మీద వాన ఒకటే హోరు.

స్వర్ణకి అర్థమైంది. కొన్నిచోట్ల యంత్రాలని వెనక నుంచి చల్లగాలి పీల్చేలా కూర్చుతారు. వాటి కోసం ఫ్యాను తిరగేసిన పవర్ సప్లైలు వేరే తయారవుతాయి. అదే కొలత, అదే గాడి, తోస్తే పచ్చ దీపమూ వెలుగుతుంది. తేడా అంతా గాలిదే. అలాంటిదాన్ని తెచ్చి ఈ యంత్రంలో పెడితే, యంత్రం విడిచిన వేడినే అది మళ్లీ మింగుతుంది. రాత్రీ పగలూ మింగుతూ లోలోపల ఉడికిపోతుంది. సుక్రు కాఫీ లేకపోయినా ఇవి ఎప్పటికో అప్పటికి మాడేవే. పొట్టు ఆ రోజుని దగ్గరికి తెచ్చింది, అంతే.

"తీసి దులిపేద్దామా?" అన్నాడు సుక్రు.

"ఉన్నది ఇదొక్కటే మావా. తీస్తే పెట్టె ఆరిపోద్ది."

సుక్రు ఆ సప్లై అంచున ఉన్న ప్లాస్టిక్ పిడిని వేలితో తాకకుండా చూపించాడు. "ముందున్నయ్యాటికి ఎర్ర సెవులుండేయి. రోజూ తుడిసేది నానే గదా. ఇనాయక సవితి ఎల్లినాక సూత్తే నీలం సెవులున్నాయి. కొత్తయి గావాల అనుకున్నాను."

"ఎవరు మార్సినారు?"

సుక్రు ఆమె ముఖంలోకి చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "అదేటమ్మా? నువ్వే గదా సంతకమెట్టినావు."

బల్ల మీది రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నీలం అట్ట, మూలలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. స్వర్ణ సెప్టెంబరుకి తిప్పింది. 'పవర్ సప్లైల తనిఖీ పూర్తి. రెండూ సక్రమం.' కింద ఆమె సంతకం. పైన గుండ్రటి అక్షరాలు మాత్రం ఆమెవి కావు. ఆ అక్షరాలు ఎవరివో ఆమెకి బాగా తెలుసు. అవే అక్షరాలతో వచ్చిన చీటీలు నాలుగు, ఆమె హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో ఇప్పటికీ ఉన్నాయి.

ధర్మతేజ. ఈ కేంద్రాల మరమ్మతులు చూసే కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు, అనకాపల్లి వైపు కుర్రవాడు. పెళ్లి మాట ఇంకా ఎవరూ పైకి అనలేదు గానీ, అనకుండానే ఇద్దరికీ తెలిసిన సంగతి అది. ఆ రోజు చింతపల్లి బస్టాండులో, బైకు సీటు మీద ఈ రిజిస్టరు పెట్టి, "అన్నీ నేను చూసేశానులే, నువ్వు ప్రత్యేకం ఎక్కొచ్చి చూడడం ఎందుకు? ఒక సంతకం పడెయ్" అన్నాడు. పడేసింది. చూడకుండా దేనికీ సంతకం పెట్టనని పైవాళ్లతో పోట్లాడే స్వర్ణ, ఆ ఒక్కసారి పెట్టింది. దేవుడా, ఆ ఒక్కసారి.

మంచి సప్లైలు రెండుండగా ఎందుకు మార్చాడు? ఆ ఎర్ర చెవులవి ఎక్కడికి పోయాయి? అడగాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. ఈలోగా తెర మీద రెండో మేకు అంకె మారింది.

గంటలో మూడు మిల్లీమీటర్లు. పొద్దున్న అది సున్నా. అయిదు దాటితే సైరన్ దానంతటదే మోగుతుంది, అప్పటికి యంత్రం బతికుంటే.

స్వర్ణ విశాఖలో ఉన్న సూపర్‌వైజరు కృష్ణమూర్తికి ఫోను చేసింది. మూడోసారికి దొరికాడు.

"సార్, మూడుకి వచ్చింది. రెండో సప్లై కూడా పోయేలా ఉంది. ఇప్పుడే సైరన్ మోగించేస్తాను సార్."

"కంగారు పడకమ్మా. కిందటి నెల ఊరికే మోగించి ఏం జరిగిందో మర్చిపోయావా? జనం వానలో ఎక్కి దిగి నిన్నే తిట్టారు. నాకు పైనుంచి చీవాట్లు. అయిదు దాటేదాకా ముట్టుకోకు. ధర్మతేజ కొత్త సప్లై తీసుకుని జీపులో బయల్దేరాడు కదా, వచ్చేస్తాడు."

ఫోను పెట్టేసేసరికి సుక్రు గోనె సంచీని తల మీదుగా ముసుగులా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతనికి అన్నీ అర్థం కాలేదు. మూడు అన్నది మాత్రం అర్థమైంది.

"సిట్టిని డోలీ కట్టి మోయించాలంటే అరగంట పడతాది. నాను ఎలిపోతన్నాను."

"ఎల్లు మావా, బేగి ఎల్లు. దారిలో ఎక్కడా ఆగకు."

"ఊరోళ్లకి సెప్పడానికి గడప గడపా తిరగాలా?"

"ఒద్దు. తిన్నగా సిట్టి కాడికే పో. నువ్వు గెడ్డ దాటేలోపు సైరన్ మోగుద్ది. నాను మోగిత్తాను. అయిదైనా కాకపోయినా."

"మాటేనా?"

"మాట."

 సుక్రు కాఫీ చాప వైపు ఒక్కసారి చూసి, కాలితో దాన్ని గోడ వారకి నెట్టేసి, వానలోకి దిగిపోయాడు. ఆ గింజలు ఈ ఏడు అతని ఇంటికి వచ్చిన పంట మొత్తం.

స్వర్ణ కుర్చీలో కూచుని పాస్‌వర్డు కొట్టింది. తెర మీద అడిగింది: పనసగొంది సైరన్ మోగించాలా? కింద 'అవును', 'వద్దు'. 'అవును' ఎంచుకుని, వేలు ఎంటర్ మీద పెట్టింది. ఒక పాడు ఆలోచన వచ్చి వేలుని ఆపింది. సైరన్ పంపేటప్పుడు యంత్రం మీద బరువు పెరుగుతుంది. లోపల ఉడుకుతున్న ఆ ఒక్క సప్లై సరిగ్గా అప్పుడే ఆగిపోతే? సగం మోగి ఆగిపోయిన సైరన్‌ని ఎవరు నమ్ముతారు? ఇదీ ఉత్తదే అని తలుపులు వేసుకుంటారు.

తెర మీద మేకు అంకె మూడున్నర అయింది.

ఏమైతే అయిందని వేలు దించబోతుండగా బయట జీపు హారను మోగింది. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. అది ధర్మతేజ పద్ధతి.

స్వర్ణకి ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకు మార్చాడో తరవాత అడగవచ్చు, తిట్టవలసినవన్నీ తరవాత తిట్టవచ్చు. కొత్త సప్లై తెచ్చాడు. పాతది మాడిన ఖాళీ గాడిలోకి దాన్ని తోస్తే చాలు, యంత్రం ఆపక్కర్లేదు, రెండు నిమిషాల పని. ఆ తరవాత నిశ్చింతగా సైరన్ మోగించవచ్చు. ఇలా అనుకుని ఆమె కుర్చీలోంచి లేచింది. లేచినందుకు ఆమెని తప్పుపట్టడం మనకి తేలిక. ఆ గదిలో ఉంటే మనమూ లేచేవాళ్లమే.

ధర్మతేజ తలనుంచి నీళ్లు కారుతూ లోపలికొచ్చాడు. సంచీని తడవకుండా కడుపుకి హత్తుకుని ఉన్నాడు.

"తెచ్చావా? ఇలా ఇయ్యి, బేగి!" స్వర్ణ సంచీ లాక్కుని జిప్పు తీసింది.

లోపల ప్లాస్టిక్ కవరు. కవరులో ఇటుకంత పెట్టె లేదు. నీలం అట్ట రిజిస్టరు ఉంది. మూలలు ఉబ్బని కొత్త రిజిస్టరు. అట్ట మీద ఈ కేంద్రం పేరే. తెరిస్తే జూన్ నుంచి తేదీలు వరసగా, పేజీ తరవాత పేజీ, గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. సంతకాల గడులు మాత్రం ఖాళీ.

"సప్లై ఏది?"

"తలుపు వేసిరా ముందు."

"సప్లై ఏది ధర్మా?"

"లేదు." అతను ఆమె కళ్లలోకి చూడలేదు. బల్ల మీద తెరిచి ఉన్న పాత రిజిస్టరునే చూస్తున్నాడు. "ఎక్కడా లేదు. పదకొండు కేంద్రాల్లోనూ ఇవే ఉన్నాయి. పొద్దుట్నుంచి రెండు ఆగిపోయాయి. రేపు పెద్దవాళ్లు వస్తారు, రిజిస్టర్లు అడుగుతారు. పాతదాంట్లో నా పేరెక్కడా లేదు స్వర్ణా, ఉన్నది నీ సంతకమే. అందుకే చెప్తున్నాను. పాతది నాకిచ్చెయ్, దీంట్లో ఆ సెప్టెంబరు తనిఖీ మాటే లేదు, దీంట్లో పెట్టు సంతకాలు. నీ మంచికే."

చెప్పి, బల్ల వైపు చెయ్యి చాచాడు. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి ఎంత మంచిదో అనుకుంటూ వచ్చింది స్వర్ణ. పాత రిజిస్టరు లాక్కుని గుండెకి అదుముకుని, వెనక్కి తిరిగి కీబోర్డు వైపు ఒక్క అంగ వేసింది.

అక్కడినుంచి ర్యాకు వెనక భాగం కనిపిస్తుంది. జల్లెడ కప్పుకి అతుక్కుని ఇందాకటినుంచి వణుకుతున్న పొట్టు రేకు వణకడం మానేసింది. ఒక్క క్షణం అలాగే నిలిచి, మెల్లగా నేల మీదికి రాలింది.

పచ్చ దీపం లేదు. తెర మీద 'మోగించాలా?' అన్న ప్రశ్న లేదు. ఇన్నాళ్లూ ఆ గదిలో ఆగకుండా వినిపించిన హోరు ఆగిపోయి, వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

గోడ గడియారం వైపు చూసింది స్వర్ణ. సుక్రు ఈపాటికి గెడ్డకి దగ్గరపడుతూ ఉంటాడు. ఊళ్లో ఒక్క తలుపూ తట్టకుండా, ఆమె మాట మీద నమ్మకంతో, సైరన్ కోసం చెవి ఒగ్గి నడుస్తూ ఉంటాడు.